లింకనుగారి భార్య మేరీ

రూతు గ్రంథము మొదటి అధ్యాయమును చదువునప్పుడెల్ల మనము రూతును గూర్చియే మాటలాడుకొందుము. నయోమి మన దృష్టికి అంతగా రాదు. భర్తను, ఇద్దరు కుమారులను మోయాబు మట్టిలో విడిచి ఆమె బేత్లెహేమునకు తిరిగి వచ్చినప్పుడు ఊరి స్త్రీలు ఆమెను చూచి ఆశ్చర్యపడిరి. ఇకమీదట తన్ను పాత పేరుతో పిలువవద్దనియు, చేదు అను అర్థముగల పేరుతో పిలువవలెననియు ఆమె వారిని కోరెను. ఆ స్త్రీలు ఏమి బదులు చెప్పిరో గ్రంథములో లేదు. ఆమెను గద్దించినట్లు మాత్రము ఎక్కడను లేదు.

ప్రియులారా, ఈ నెల మేము చెప్పదలచినది అమెరికా దేశాధ్యక్షుడైన అబ్రహాము లింకనుగారి భార్య మేరీ చరిత్ర. లింకనుగారి పేరు వినని ఊరు లేదు. ఆయన దుంగల గుడిసెలో పుట్టెననియు, నల్లవారి బానిసత్వమును తీసివేసెననియు మన పిల్లలు బడిలో పాఠముగా చదువుదురు. ఆయన భార్యను గూర్చి ఆ పాఠములో ఒక్క మాట ఉండదు. మేము సెమినరీలో ఉన్న దినములలో ఒక ఉపాధ్యాయులు ఆమెను సోక్రటీసు భార్యతో జతచేసి, గొప్పవారికి గయ్యాళి భార్యలుందురని చెప్పగా మేమందరము నవ్వితిమి. పదియేండ్ల తరువాత ఆమె చరిత్రను మొదటినుండి చదివినప్పుడు ఆ నవ్వు మాకు సిగ్గు కలిగించెను.

మేరీ టాడ్ 1818వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన కెంటకీ రాష్ట్రములోని లెక్సింగ్టను పట్టణములో జన్మించెను. తండ్రి రాబర్టు టాడ్ గారు కలిగినవాడు, వ్యాపారస్థుడు, పట్టణములో పెద్దమనిషి. ఇంటి పనులన్నియు బానిసలు చేయుచుండిరి. మేరీకి ఆరేండ్ల వయస్సున తల్లి కాన్పు జ్వరముతో చనిపోయెను. ఏడాదిన్నరలోపుననే తండ్రి మరల వివాహము చేసికొనెను. మారుతల్లికి ఆ పిల్ల యనిన ఇష్టము లేదు. ఇంట ప్రేమ తక్కువైనను చదువునకు మాత్రము లోటు లేకపోయెను. ఆ కాలమున ఆడపిల్లకు వ్రాలు వచ్చిన చాలుననుకొందురు. ఈమె పదేండ్లకు పైగా చదివి, ఫ్రెంచి భాషను స్వంత భాషవలె మాటలాడుటకు నేర్చెను. రాజకీయములు ఆమెకు చిన్ననాటినుండి ఇష్టము.

1839లో ఆమె ఇల్లినాయి రాష్ట్రములోని స్ప్రింగుఫీల్డు పట్టణమునకు, తన పెద్దక్క ఎలిజబెతు కాపురమున్న యింటికి వచ్చెను. బావగారు నీనియను ఎడ్వర్డ్సు మాజీ గవర్నరుగారి కుమారుడు. ఆ యింటికి వచ్చి పోవువారిలో లింకను అను పేద వకీలు ఒకడుండెను. ఆయన ఆమెకంటె దాదాపు పదియేండ్లు పెద్దవాడు. ఆరడుగుల నాలుగంగుళముల మనిషి, కూర్చున్నచోట చేతులెక్కడ పెట్టుకొనవలెనో తెలియనివాడు. ఆమె పొట్టిది, చురుకైనది, మాటకారి. అక్కకును బావకును ఈ సంబంధము ఇష్టము లేదు. ఒకసారి కుదిరి తప్పిపోయెను గాని, 1842 నవంబరు 4వ తేదీన ఆ అక్కగారి యింటి ముందుగదిలోనే వారికి వివాహమాయెను. ఆయన తొడిగిన ఉంగరములోపల, ప్రేమకు అంతము లేదని అర్థమిచ్చు మాటలు చెక్కబడియుండెను. ఆ ఉంగరమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

బానిసలు వండిపెట్టగా పెరిగిన ఆ పిల్ల ఇప్పుడు ఒక సత్రపు గదిలో కాపురము పెట్టి, తరువాత తమకు పెండ్లి చేసిన పాదిరిగారి యింటినే కొనుక్కొని, వంటయు కుట్టుపనియు తానే చేసికొనెను. భర్త కోర్టుల వెంట ఊరూరు తిరుగుచు సంవత్సరములో అనేక వారములు ఇంట ఉండడు. ఆమెకు కోపము త్వరగా వచ్చును. పనిమనుషులు నిలిచెడివారు కారు. ఉరుము వినబడిన వణకిపోవును. ఆమె కేకలు వేయునప్పుడు లింకనుగారు పిల్లలను వెంటబెట్టుకొని వీధిలోనికి పోవుచుండెనని పొరుగువారు తరువాత చెప్పిరి. ఈ సంగతులను మేము దాచము. అయితే, 1849లో దూరమైన ఓరెగాను సీమకు గవర్నరుగా పంపెదమని ప్రభుత్వము చెప్పినప్పుడు, అచ్చటికి పోయిన రాజకీయములలో మరుగునపడుదురని అడ్డము చెప్పినది ఆమెయే. ఆయన ఆమె మాట వినెను. ఆయన ఏదో యొకనాడు పెద్దవాడగునని ఆయనకంటె ముందు నమ్మినది ఆమె.

1850 ఫిబ్రవరి 1వ తేదీన వారి రెండవ కుమారుడు ఎడ్వర్డు చాలా దినములు జబ్బుపడి చనిపోయెను. నాలుగేండ్లు ఇంకను నిండలేదు. వారికి పరిచయమైన పాదిరిగారు ఊరిలో లేనందున, మొదటి ప్రెస్బిటేరియను సంఘ కాపరియైన జేమ్సు స్మిత్తుగారు వచ్చి భూస్థాపన ఆరాధన జరిగించెను. ఆయన స్కాట్లండు దేశస్థుడు. ఆ దినముతో తన పని తీరినదని ఆయన అనుకొనలేదు. మరల మరల ఆ యింటికి వచ్చి కూర్చుండెను. 1852లో మేరీ ఆ సంఘములో సభ్యురాలాయెను. లింకనుగారు సభ్యుడు కాలేదు గాని, కుటుంబము కొరకు గుడిలో ఒక బల్లకు అద్దె చెల్లించుచు, అప్పుడప్పుడు వచ్చి కూర్చుండెడివాడు.

1861 మార్చి నెలలో ఆయన అధ్యక్షుడాయెను. మరుసటి నెలలోనే ఉత్తర రాష్ట్రములకును దక్షిణ రాష్ట్రములకును యుద్ధము ప్రారంభమాయెను. మేరీ స్థితిని ఒక్కసారి ఆలోచించుడి. ఆమె పుట్టింటివారిలో అనేకులు దక్షిణపక్షమున చేరిరి. మారుతల్లి కుమారులలో ఇద్దరు, చెల్లెలి భర్త ఒకడు ఆ పక్షమున పోరాడి చనిపోయిరి. దక్షిణమువారు ఆమెను ద్రోహి అనిరి. ఉత్తరమువారు వేగులదియని గుసగుసలాడిరి. తమ్ముడు చనిపోయెనని వార్త వచ్చినప్పుడు ఆమె పైకి ఏడ్చుటకును వీలులేదు. శత్రువు కొరకు ఏడ్చుచున్నదని అందురు. 1863లో విధవరాలైన ఆ చెల్లెలు అధ్యక్షుని భవనమునకు రాగా, శత్రువు భార్యను ఇంట పెట్టుకొనిరని లింకనుగారినే కొందరు నిందించిరి.

ఆమె తప్పులును ఆ దినములలోనే పెరిగెను. భవనమును బాగుచేయుటకు కాంగ్రెసు ఇచ్చిన 20,000 డాలర్లు ఏడాదిలోపుననే అయిపోయి, ఇంకను వేలకొలది అప్పు మిగిలెను. సైనికులకు కంబళ్లు చాలని కాలమున తెరలకును తివాసీలకును ఇంత సొమ్మాయని లింకనుగారు మండిపడెను. ఆమె తన బట్టలకు చేసిన అప్పు ఆయనకు తెలియనీయలేదు. 1865లో సైన్యపు దండులో ఒక సేనాపతి భార్య తన భర్త ప్రక్కన గుఱ్ఱమునెక్కి వచ్చెనని, అందరి యెదుట ఆమెను తిట్టి ఏడ్పించెను. ఇవి ఎవరో కల్పించిన మాటలు కావు. అయితే సైనికుల ఆసుపత్రులకు పండ్లును పువ్వులును తీసికొనిపోయి, గాయపడిన పిల్లవాండ్ర మంచము ప్రక్కన కూర్చుండి వారి తల్లులకు ఉత్తరములు వ్రాసి పెట్టినదియు ఈమెయే. పత్రికలవారిని వెంట తీసికొనిపోవుట ఆమెకు తెలిసినయెడల ఆమె పేరు వేరుగా ఉండెడిదేమో.

1862 ఫిబ్రవరి 20వ తేదీన మూడవ కుమారుడు విల్లీ విషజ్వరముతో చనిపోయెను. పదునొకండేండ్ల పిల్లవాడు. మేరీ మంచము పట్టెను. భూస్థాపన ఆరాధనకును లేవలేకపోయెను. పిల్లవాడు చనిపోయిన గదిలో ఆమె మరల అడుగు పెట్టలేదు. ఆ బిడ్డ దేహమును కడిగి బట్టలు తొడిగినది ఎలిజబెతు కెక్లీ అను నల్ల స్త్రీ. ఆమె బానిసగా పుట్టి, కుట్టుపని చేసి, 1,200 డాలర్లకు తన్నును తన కుమారునిని విడిపించుకొని, మేరీకి బట్టలు కుట్టుటకు వచ్చెను. ఆమె ఒక్కగానొక్క కుమారుడును అంతకు ఆరు నెలల ముందే యుద్ధములో చనిపోయెను. అధ్యక్షుని భార్యయు ఒకనాటి బానిసయు, ఇద్దరు తల్లులు, ఆ యింట ఒకరినొకరు ఎరిగిరి. తప్పించుకొని వచ్చిన బానిసల సహాయార్థము కెక్లీ ఆ యేట ఒక సంఘము పెట్టగా, మేరీ దానికి 200 డాలర్లు ఇప్పించెను.

దుఃఖములో మేరీ ఒక చెడు త్రోవను పట్టెను. చనిపోయినవారితో మాటలాడించెదమని చెప్పువారిని భవనమునకు పిలిపించి, చీకటిగదిలో కూర్చుండి, విల్లీ తనయొద్దకు వచ్చుచున్నాడని నమ్మెను. దీనిని మేము సమర్థింపము. సౌలు ఏన్దోరునకు పోయిన రాత్రి ఏమాయెనో మీకు తెలియును. అయితే దారి తప్పిన తల్లిని రాళ్లతో కొట్టుటకు ముందు, ఆ చీకటిగదిలోనికి ఆమెను తరిమినది ఏదియో చూడవలెను.

ఇచ్చట మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. మేము కాపరిత్వములో ప్రవేశించిన తొలి యేండ్లలో మా పాస్టరేటులోని ఒక ఊరిలో ఒక తల్లి తన ఒక్క మగబిడ్డను జ్వరమునకు పోగొట్టుకొనెను. మూడు ఆదివారములు గుడికి రాలేదు. మేము ఆమె యింటికి పోయి, మితిమీరిన దుఃఖము అవిశ్వాసమగునని గ్రంథము తెరచి ఉపదేశించితిమి. ఆమె కొంగు తలమీదికి లాగుకొని లోపలికి పోయెను. ఆ యేడంతయు గుడి మెట్లెక్కలేదు. అక్షరము రాని ఒక ముసలమ్మ, మా సంఘస్థురాలే, ప్రతి మధ్యాహ్నము చేట పట్టుకొని ఆ యింటి అరుగుమీద కూర్చుండి బియ్యములో రాళ్లు ఏరుకొనుచుండెను. ఉపదేశమేమియు చేయలేదు. క్రిస్మసునకు ఆ ఇద్దరును కలిసి వచ్చి వెనుక చాపమీద కూర్చుండిరి. మా ఉపదేశము చేయలేని పని ఆ చేట చేసెను. యోబు స్నేహితులు సహితము మొదటి ఏడు దినములు నోరు తెరువక కూర్చున్నంతవరకు మంచివారేకదా.

యుద్ధము ముగియవచ్చెను. 1865 ఏప్రిలు 14, ఆ దినము శుభ శుక్రవారము. సాయంకాలము భార్యాభర్తలు బండిలో షికారు పోయి, ఇకమీదట సంతోషముగా ఉండవలెననియు, యుద్ధముచేతను విల్లీ మరణముచేతను తామిద్దరు మిక్కిలి క్రుంగిపోతిమనియు మాటలాడుకొనిరి. రాత్రి నాటకశాలలో ఆమె ఆయన ప్రక్కననే కూర్చుండియుండగా బూతు అను నటుడు వెనుకనుండి తుపాకితో ఆయన తలమీద కాల్చెను. ఎదురింటికి మోసికొనిపోయిరి. రాత్రియంతయు ఆమె ఆ చిన్న గదిలోనికి వచ్చుచు, ముఖముమీద పడి ఏడ్చుచు, సొమ్మసిల్లుచు ఉండెను. అది చూడలేక మంత్రి స్టాంటనుగారు ఆమెను బయటికి తీసికొనిపొండనియు, మరల రానీయవద్దనియు ఆజ్ఞాపించెను. ఉదయము 7 గంటల 22 నిమిషములకు లింకనుగారు ప్రాణము విడిచినప్పుడు మంచము చుట్టు మంత్రులు, వైద్యులు, సేనాధిపతులు ఉండిరి. భార్య ముందుగదిలో ఉండెను.

ఈ ఒక్క సంగతి మమ్మును చాలా దినములు విడువలేదు. స్టాంటనుగారు దుర్మార్గుడు కాడు. రాజ్యభారమంతయు ఆ రాత్రి ఆయనమీద పడెను. అయినను ఆ గదిలో ఉండుటకు ఆమెకంటె హక్కుగలవారు ఎవరు?

దేశమంతయు ఆయన శవమును రైలుమీద ఊరూరు త్రిప్పి ఏడ్చెను. ఆమె ఐదు వారములు మంచముమీద ఉండి, తరువాత ఇద్దరు కుమారులతో నల్లబట్టలు ధరించి భవనము విడిచెను. ఇకమీదట ఆమె నల్లబట్టలు విడువలేదు. లింకనుగారు వకీలైయుండియు వీలునామా వ్రాయలేదు. ఆస్తి తేలుటకు రెండున్నరేండ్లు పట్టెను. అప్పులవారు తొందరపెట్టిరి. 1866లో, లింకనుగారితో కలిసి వకీలు పని చేసిన హెర్న్డనుగారు సభలో నిలువబడి, లింకనుగారు ప్రేమించినది చనిపోయిన వేరొక పిల్లననియు, భార్యను ఎన్నడును ప్రేమింపలేదనియు ఉపన్యాసమిచ్చెను. విధవరాలు బ్రదికియుండగానే చెప్పెను.

1867లో ఆమె కెక్లీని వెంటబెట్టుకొని న్యూయార్కునకు పోయి, మారుపేరు పెట్టుకొని తన పాత పట్టుబట్టలను అమ్మజూచెను. సంగతి బయటపడెను. పత్రికలు ఆమెను ఎగతాళి చేసెను. బట్టలును అమ్ముడుపోలేదు. మరుసటి యేట కెక్లీ ఆమె మేలు కోరి ఒక పుస్తకము వ్రాసి, అందులో ఆమె వ్రాసిన ఉత్తరములును అచ్చువేయబడగా, మేరీ ఆ ఒక్క స్నేహితురాలిని విడిచిపెట్టెను. ఇది ఆమె చేసిన తప్పులలో మిక్కిలి విచారకరమైనదని మా తలంపు. అటుపిమ్మట చిన్న కుమారుడు టాడును తీసికొని జర్మనీ దేశమునకు వెళ్లెను. 1869 వేసవిలో స్కాట్లండునకు పోయి, ముసలివాడైన స్మిత్తు పాదిరిగారిని కలిసికొనెను. ఎడ్వర్డును పూడ్చిన ఆ కాపరితో తిరిగిన ఆ వారములు ఆమెకు కొంత తెరిపినిచ్చెను. 1870లో కాంగ్రెసు ఆమెకు ఏటికి 3,000 డాలర్ల పింఛను ఇచ్చెను. అది ఇచ్చుటకు ముందు ఆమె నడతను సభలో చీల్చి చెండాడిరి.

1871లో స్వదేశమునకు తిరిగి వచ్చిన కొన్ని వారములకే, జూలై 15వ తేదీన, టాడు షికాగోలో చనిపోయెను. పదునెనిమిదేండ్లవాడు. నలుగురు కుమారులలో ఇప్పుడు పెద్దవాడైన రాబర్టు ఒక్కడే మిగిలెను.

1875 మార్చి నెలలో ఆమె ఫ్లోరిడాలో ఉండగా, రాబర్టు చావుబ్రదుకులలో ఉన్నాడని ఏలాగో ఆమె మనస్సున పడెను. తంతులు కొట్టించి రైలెక్కి షికాగోనకు వచ్చెను. కుమారుడు స్టేషనులో ఆరోగ్యముగా నిలిచియుండెను. ఆమె నిద్రలేక తిరుగుచుండెను, తన్నెవరో వెంబడించుచున్నారనెను, కావలసినవానికంటె తెరలును నగలును కొనుచుండెను, వేలకొలది డాలర్ల పత్రములను లోపలి లంగాలో కుట్టుకొని తిరుగుచుండెను. రాబర్టు భయపడెను. మే 19వ తేదీన, ముందు మాట చెప్పకుండ ఆమెను కోర్టుకు తీసికొనిపోయిరి. పదునేడుగురు సాక్ష్యమిచ్చిరి, కన్నకుమారుడును కంటతడితో సాక్ష్యమిచ్చెను. ఆమె పక్షమున ఒక సాక్షియు లేడు. పండ్రెండుగురు మగవారు కొద్ది నిమిషములలో ఆమె పిచ్చిదని తీర్పు చెప్పిరి. ఆమెను బటేవియా అను ఊరి ఆసుపత్రికి పంపిరి.

ఆమెకు నిజముగా వ్యాధి ఉండెనా? నేటి వైద్యులలో కొందరు మనోవ్యాధి అందురు. కొందరు విటమిను లోపమువలన కలుగు రక్తహీనత అందురు. రాబర్టును ద్రోహి అనుటకు మాకు నోరు రాదు. ఇటువంటి తల్లి ఉన్న కుమారుని కష్టము మా సంఘములలోను చూచియున్నాము. అయితే ఆసుపత్రి గోడలు దాటి ఆమెయొద్దకు వచ్చినవారిని గూర్చి చెప్పవలెను. మైరా బ్రాడ్వెలు అను స్త్రీ న్యాయశాస్త్రము చదివి పరీక్షలో గెలిచినను, ఆడుదియను కారణముచేత కోర్టులో నిలువనీయబడనిది. ఆమె వచ్చి చూచి, పత్రికలకు తెలిపి, అధికారులను నిద్రపోనీయలేదు. అక్క ఎలిజబెతు తలుపు తెరచి, తనయింటికి రమ్మనెను. నాలుగు నెలలు తిరుగకముందే మేరీ విడుదల పొందెను. 1876 జూన్ 15వ తేదీన మరియొక తీర్పులో ఆమె స్వస్థురాలని ఒప్పుకొనిరి.

ఊరిలో జనులు తన్ను వింతగా చూచుచున్నారని ఆమె ఫ్రాన్సు దేశమునకు పోయి, పో అను పట్టణములో నాలుగేండ్లు ఒంటరిగా గడపెను. నిచ్చెనమీదనుండి పడి నడుమునకు దెబ్బ తగులగా, చూపు మందగించి, 1880లో మరల అక్కగారి యింటికి వచ్చెను. రాబర్టు తన చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చి తల్లితో సమాధానపడెను. ఆ బిడ్డకు ఆమె పేరే పెట్టియుండిరి.

ఆమె తెరలు వేసిన గదిలో, పెట్టెల మధ్య, మంచమునకు ఒక ప్రక్కన పండుకొనెడిది. రెండవ ప్రక్క భర్తకని విడిచెడిది. వీధిలోని పిల్లలు ఆ కిటికీవైపు వ్రేలుచూపి పిచ్చిదని చెప్పుకొనుచుండిరి. 1882 జూలై 15వ తేదీన, టాడు చనిపోయిన దినముననే, ఆమె పక్షవాతముతో స్మారకము తప్పి, మరునాడు మరణించెను. అరువది మూడేండ్లు.

నలువది యేండ్ల క్రిందట పెండ్లికుమార్తెగా నిలిచిన ఆ ముందుగదిలోనే ఆమె పెట్టెను ఉంచిరి. ఉంగరము ఆమె వ్రేలిననే ఉండెను; అరిగి అరిగి సన్నపు తీగె వలె అయిపోయెను. 19వ తేదీన మొదటి ప్రెస్బిటేరియను సంఘ దేవాలయములో, చిన్నవాడు ఎడ్వర్డు పోయిన తరువాత తాను చేరిన ఆ సంఘములోనే, ఆరాధన జరిగెను. కాపరి రీడుగారు, వేళ్లు పెనవేసికొని ప్రక్కప్రక్కన పెరిగిన రెండు చెట్లలో ఒకదానిమీద పిడుగు పడగా రెండవదియు ఆ దినముననే చచ్చినట్లని ఆమెను గూర్చి బోధించెను. ఆ మధ్యాహ్నము ఓక్ రిడ్జి సమాధులతోటలో, భర్తయు ముగ్గురు కుమారులు ఉన్నచోట ఆమెను పెట్టిరి. భర్తను పట్టణము నడుమ గొప్ప కట్టడములో ఉంచవలెనని ఊరి పెద్దలు పట్టుబట్టినప్పుడు, ఆయన కోరినది నెమ్మదియైన స్థలమని వాదించి ఆ తోటను గెలిచినది ఆమెయే.